జేమ్స్ యంగ్ సింప్సను

స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమునకు పడమట సుమారు 20 మైళ్ళ దూరమున బాత్‌గేట్ అను చిన్న పట్టణము కలదు. రెండువందల సంవత్సరముల క్రిందట అచ్చట మగ్గములపై బ్రతుకువారే ఎక్కువ. ఆ పట్టణమున డేవిడ్ సింప్సను అను నతడు రొట్టెలు కాల్చి అమ్ముచు జీవించుచుండెను. అతనికి ఏడుగురు కుమారులు, ఒక కుమార్తె. కుమారులలో కడపటివాడైన జేమ్స్ 1811వ సంవత్సరము జూన్ 7వ తేదీన జన్మించెను. అప్పటికి అంగడిలో బేరములు సన్నగిల్లి కుటుంబము ఇబ్బందులలో నుండెను. తల్లి మేరీ మిక్కిలి నేర్పరి. ఆమె అంగడి వ్యవహారమును తన చేతిలోనికి తీసికొని, లెక్కలు సరిచూచి, కొలదికాలములోనే దానిని నిలబెట్టెను.

జేమ్స్ నాలుగవ యేట బడిలో చేరెను. అతని చురుకుదనమును చూచి, తాము చదువుకొనకపోయినను తమ్ముడు పెద్ద చదువులు చదువవలెనని అన్నలందరును నిశ్చయించుకొనిరి. అతని తొమ్మిదవ యేట తల్లి మరణించెను. అటుపిమ్మట అక్కయే అతనికి తల్లియయ్యెను. అన్న అలెగ్జాండరు కంటికి రెప్పవలె కాపాడెను. రొట్టెల అంగడిలో వచ్చిన రాబడి ఇంటివారందరకు ఉమ్మడి సొమ్ము. అందుండియే జేమ్స్ చదువునకు డబ్బు వెళ్ళుచుండెను. 1825లో, 14 ఏండ్ల ప్రాయమున, అతడు ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ఆ డబ్బు ఎవరి చెమటవలన వచ్చినదో అతడు మరువలేదు. ప్రతి చిన్న ఖర్చును పుస్తకమున వ్రాసి ఇంటివారికి చూపెడివాడు.

ఆ దినములలో శస్త్రచికిత్స యెట్లుండెడిదో నేటివారు ఊహింపజాలరు. రోగికి కొంచెము సారాయియో నల్లమందో త్రాగించి, బల్లపై పరుండబెట్టి, బలముగల మనుష్యులు కాళ్ళు చేతులు అదిమిపట్టుకొనెడివారు. రోగికి తెలివి యుండగనే కత్తి ఆడించవలెను. కావున ఎంత వేగముగ కోసిన అంత గొప్ప వైద్యుడని పేరు. ఎడింబరోలో రాబర్ట్ లిస్టను అను శస్త్రవైద్యుడు ఆ వేగమునకు ప్రసిద్ధి చెందినవాడు. ఒకనాడు అతడు కొండ ప్రాంతమునుండి వచ్చిన యొక బీద స్త్రీకి రొమ్మును కోసి తీసివేయుచుండగా విద్యార్థులలో సింప్సను కూడ నుండెను. ఆమె పడిన బాధను చూడలేక అతడు శాలనుండి బయటకు నడచెననియు, వైద్యమును విడిచి న్యాయవాదుల యొద్ద గుమాస్తాగా చేరవలెనని తిన్నగా న్యాయస్థానముల వైపు పోయెననియు అతని చరిత్రము వ్రాసినవారు చెప్పుదురు. అయినను అతడు మరల వైద్యశాలకే వచ్చెను. ఈ బాధను తొలగించు ఉపాయము లేదా యను ప్రశ్న మాత్రము అతని మనస్సును విడువలేదు.

1830లో, ఇంకను ఇరువదియేండ్లు నిండకయే, అతడు శస్త్రవైద్యుల పరీక్షలో నెగ్గెను. 1832లో ఎం.డి. పట్టమందెను. అతని వ్యాసమును పరీక్షించిన ఆచార్య జాన్ తాంసను సంతసించి తనకు సహాయకునిగా పెట్టుకొనెను. సింప్సను ప్రసూతివైద్యమున ప్రత్యేకముగ కృషిచేసెను. 1839లో విశ్వవిద్యాలయమున ఆ శాఖకు ఆచార్యపదవి ఖాళీ కాగా, 28 ఏండ్ల యీ యువకుడు దానికి పోటీపడెను. వయస్సు చాలదని కొందరు, పెండ్లికాలేదని కొందరు ఆక్షేపించిరి. వయస్సును పెంచుకొనుట అతని చేతిలో లేదు గాని రెండవ లోపమును సరిదిద్దుకొనెను. ఆ డిసెంబరులోనే జెస్సీ గ్రిండ్లే అను కన్యను వివాహమాడి వచ్చెను. 1840 ఫిబ్రవరిలో నగరసభ వారు జరిపిన ఎన్నికలో అతనికి 17 ఓట్లు, ప్రత్యర్థికి 16 ఓట్లు వచ్చినవి. ఒక్క ఓటు అటుపడియుండిన ఈ కథ మరియొక విధముగ నడచెడిది.

అమెరికాలోని బోస్టను నగరమున 1846 అక్టోబరు 16వ తేదీన మోర్టను అను దంతవైద్యుడు ఈథరు అను ద్రవపు ఆవిరిని రోగిచే పీల్పించగా, అతనికి నొప్పి తెలియకుండ మెడపైనున్న కంతిని శస్త్రవైద్యుడు కోసివేసెను. ఈ వార్త సముద్రము దాటి వచ్చిన కొలదిదినములకే, 1847 జనవరి 19వ తేదీన, సింప్సను ఒక ప్రసవమునకు ఈథరును ఉపయోగించెను. ప్రసవకాలమున మత్తు ఇచ్చుట అదియే మొదలు. కాని ఈథరు అతనికి తృప్తినీయలేదు. దాని ఘాటు వాసన గొంతును మండించును. చాల పరిమాణము కావలసియుండును. అన్నిటికంటె ముఖ్యముగ, దాని ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకొనును. కొవ్వొత్తి వెలుగులో రాత్రివేళ పురుడు పోయువారికి ఇది సామాన్యమైన భయము కాదు.

అందుచే సింప్సను వేరొక మందుకొరకు వెదకసాగెను. ఆ వెదకిన పద్ధతి మిక్కిలి విచిత్రమైనది. క్వీన్ వీధిలోని 52వ నంబరు ఇంటిలో అతడు కాపురముండెను. పగలంతయు రోగులను చూచి, రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట అతడును, సహాయకులైన జార్జి కీత్, మాథ్యూస్ డంకను అను ఇరువురు వైద్యులును బల్లచుట్టు కూర్చుండెడివారు. తెలిసిన రసాయనికుల యొద్దనుండి తెప్పించిన ద్రవములను గ్లాసులలో పోసి, అవసరమైనచో గ్లాసును వేడినీటిలో నుంచి, వచ్చు ఆవిరిని ముక్కునిండ పీల్చెడివారు. ఎవరికి మత్తు వచ్చినది, ఎవరికి తల నొచ్చినది గుర్తుపెట్టుకొనెడివారు. ఇట్లు వారు పీల్చినవానిలో అసిటోను కలదు, అయొడోఫారము కలదు, బెంజీను కూడ కలదు. బెంజీను ఎముకలలోని మూలుగను చెరచి, రక్తము పుట్టు తావునే దెబ్బతీయుననియు, రక్తపు కేన్సరునకు కారణమగుననియు నేడు మనకు తెలియును. వారికి తెలియదు. పొరుగింటి ఆచార్య మిల్లరు ప్రతి యుదయము వచ్చి, వీరు బ్రతికియున్నారా లేదా యని విచారించి పోవుచుండెడివాడట. పరిహాసముగ చెప్పుకొను మాటయే గాని అందులో పరిహాసము తక్కువ.

లివర్పూలులో డేవిడ్ వాల్డీ అను రసాయనికుడు ఉండెను. 1847 శరత్కాలమున అతడు సింప్సనును కలిసికొని క్లోరోఫారము అను ద్రవమును పరీక్షింపుమని సూచించెను. ఆ ద్రవము క్రొత్తది కాదు. 1831 ప్రాంతమున అమెరికాలో గత్రీ, ఫ్రాన్సులో సూబేరాన్, జర్మనీలో లీబిగ్ అనువారు ఒకరి సంగతి ఒకరెరుగక దానిని తయారుచేసియుండిరి. 1842లో గ్లోవరు అను వైద్యుడు దానిని జంతువులపై ప్రయోగించి చూచెను. అయినను మనుష్యులకు శస్త్రచికిత్సలో మత్తు కలిగించుటకు అది తగునని ఎవరును దానిని పైకి తేలేదు. సూచన చేసిన వాల్డీ పేరును లోకము త్వరలోనే మరచిపోయెను. అతడు 1853లో మన దేశమునకు వచ్చి కలకత్తాలో రసాయనముల కర్మాగారము నెలకొల్పి 1889లో అచ్చటనే మరణించెను.

1847 నవంబరు 4వ తేదీ రాత్రి సింప్సను ఇంటి బల్లపై నాటివరకు పరీక్షించిన ద్రవములేవియు పనికిరాలేదు. అప్పుడు క్లోరోఫారపు సీసా జ్ఞప్తికి వచ్చెను. బరువైన ద్రవమగుటచే పనికిరాదని ఎచ్చటనో పెట్టియుండిరి. వెదకగా చిత్తుకాగితముల క్రింద దొరికెను. ముగ్గురును గ్లాసులలో పోసికొని పీల్చిరి. మొదట ఎన్నడును లేని ఉల్లాసము కలిగెను. కన్నులు మెరసినవి, మాటలు పెరిగినవి. ప్రక్కనున్న ఇంటివారు వారి మాటల చాతుర్యమునకు ఆశ్చర్యపడుచుండిరి. అంతలో మాటలు తడబడినవి. దబ్బున శబ్దమయ్యెను. సింప్సనుకు తెలివి వచ్చునప్పటికి తాను నేలపై పడియుండెను. డంకను కుర్చీ క్రింద గురకపెట్టుచుండెను. కీత్ బల్లను కాళ్ళతో తన్నుచుండెను. తేరుకొనిన పిదప వారు మరల పీల్చిరి. ఇంటనున్న బంధువుల బిడ్డ పెట్రీ అను ఆమె కూడ పీల్చి చేతులు కట్టుకొని నిద్రపోయెను. సీసా ఖాళీయగువరకు ఆ పరీక్ష సాగెనని చెప్పుదురు.

నాలుగు దినములకే, నవంబరు 8వ తేదీన, ఒక వైద్యుని భార్యకు ప్రసవ సమయమున సింప్సను ఈ మందు నిచ్చెను. ఆమెకు ముందటి కాన్పులో మూడు దినములు నొప్పులు వచ్చి బిడ్డ దక్కలేదు. చేతిరుమాలును గరాటువలె చుట్టి, అర చెంచాడు ద్రవమును దానిపై పోసి, ఆమె ముక్కు నోటిపై నుంచెను. పది పండ్రెండు నిమిషములకు మరికొంత పోసెను. అరగంట గడువకమునుపే బిడ్డ పుట్టెను. ఆమె మేల్కొని, హాయిగ నిద్రపోతిననియు, ఇక ప్రసవించుటకు సిద్ధముగ నుంటిననియు చెప్పెను. బిడ్డను చేతికిచ్చినను తన బిడ్డయేనని నమ్మించుటకు కష్టమయ్యెను. నవంబరు 10వ తేదీన సింప్సను వైద్యుల సంఘమున తన యనుభవమును చదివెను. ఆ నెల ముగియులోపల ఆ మందు పేరు ఐరోపాయంతట వినబడెను.

క్లోరోఫారమునందలి ప్రతి అణువునను ఒక కర్బన పరమాణువు, ఒక ఉదజని పరమాణువు, మూడు క్లోరిను పరమాణువులు ఉండును. అది రంగులేని ద్రవము. నీటికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువైనది. నీటిలో స్వల్పముగనే కరగును. కావున నీటితో కలిపి కదిపి ఉంచినచో అడుగునకు చేరును. 61 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికే మరగును. సాధారణపు వేడిమిలో కూడ త్వరత్వరగ ఆవిరియగును. ఈథరువలె దీనికి సులభముగ నిప్పంటదు. వాసన తియ్యన. రుచియు తియ్యనే గాని నాలుక మండును. కొవ్వును, రబ్బరును, జిగురులను చక్కగ కరగించును. కొవ్వును కరగించు గుణమును, మత్తు కలిగించు గుణమును చాల ద్రవములలో కలిసియే యుండును. తియ్యని వాసన, నిప్పంటని స్వభావము, కొలది బొట్టులతోనే పని జరుగుట - ఈథరునందు లోపములైనవన్నియు ఇందు సుగుణములుగ కనబడినవి. పరికరము కూడ అక్కరలేదు. చేతిరుమాలు చాలును. ప్రమాదము ఆ సులువునందే దాగియుండెను.

1848 జనవరి 28వ తేదీన న్యూకాసిల్ సమీపమునందలి వింలేటన్ అను గ్రామమున హన్నా గ్రీనరు అను 15 ఏండ్ల బాలికకు కాలిగోరు తీసివేయుటకై క్లోరోఫారము నిచ్చిరి. అంతకు కొన్ని నెలల ముందు ఆమెకు మరియొక గోరును ఈథరు ఇచ్చి తీసియుండిరి. ఈసారి ఆమె మిగుల భయపడి యేడ్చుచుండెను. వైద్యుడు గుడ్డపై ఒక చెంచాడు ద్రవము పోసి పీల్చుమనెను. అర నిమిషము గడచెను. గోరు చుట్టు కత్తి పెట్టగానే ఆమె ఉలికిపడెను. పెదవులు తెల్లబారినవి. ముఖముపై నీళ్ళు చల్లిరి, నోటిలో బ్రాందీ పోసిరి. రెండుమూడు నిమిషములలో ఆమె మరణించెను. క్లోరోఫారము వలన పోయినదని లెక్కకు వచ్చిన మొదటి ప్రాణము అది. అతడు ఆ మందును లోకమునకు చూపి మూడు నెలలైనను కాలేదు.

సింప్సను దీనిని ఒప్పుకొనలేదు. మందు దోషము కాదు, మత్తులో నున్న బిడ్డ నోటిలో నీళ్ళును బ్రాందీయు పోయుటచే ఊపిరాడక చనిపోయినదని అతడు వాదించెను. ఆ మాట పూర్తిగ త్రోసివేయదగినది కాదు. స్మృతిలేనివారి నోట ద్రవములు పోయుట నిజముగ ప్రాణాంతకము. కాని ఆ తరువాత ఆరోగ్యవంతులైన మరికొందరు, నీళ్ళు బ్రాందీ ఏవియు లేకుండగనే, మత్తు ప్రారంభమున హఠాత్తుగ మరణించిరి. తాను తన శరీరముపై పరీక్షించి చూచిన మందు ఇతరుల ప్రాణము తీయునన్న సంగతిని సింప్సను మనస్సు అంగీకరింపలేకపోయెను. తన ధైర్యమునే అతడు ఆ మందునకు సాక్ష్యముగ తీసికొనెను. ఇది అతని జీవితమున పెద్ద లోపమని చెప్పక తప్పదు.

అతడు విడిచిన పనిని లండనులో జాన్ స్నో అను వైద్యుడు చేపట్టెను. కలరా నీటిద్వారా వ్యాపించునని నిరూపించిన స్నో యితడే. గాలిలో ఎంత ఆవిరి కలిసిన ఏమగునో అతడు జంతువులపై పరీక్షించి కొలిచెను. చేతిరుమాలుపై పోసినపుడు రోగి ఎంత పీల్చుచున్నాడో ఎవరికిని తెలియదనియు, నూటికి 4, 5 పాళ్ళకు మించిన ఆవిరి హఠాత్తుగ గుండెకు చేరినచో ఆపద యనియు గ్రహించి, ఆవిరిని మితపరచు పరికరమును నిర్మించెను. 1853 ఏప్రిల్ 7వ తేదీన విక్టోరియా రాణికి లియోపోల్డు రాజకుమారుడు పుట్టినపుడు క్లోరోఫారము నిచ్చినవాడు స్నోయే. ప్రసవవేదనను తొలగించుట దైవాజ్ఞకు విరుద్ధమని అంతకుముందు కొందరు ఆక్షేపింపగా, సింప్సను బైబిలు గ్రంథమునుండియే సమాధానములు చూపి 1847 డిసెంబరులో చిన్న పుస్తకము ప్రకటించియుండెను. రాణి వార్త తెలిసిన పిదప ఆ ఆక్షేపణల సందడి అణగెను. స్నో 50 మంది మరణములను ఒక్కొక్కటిగ విచారించి వ్రాసిన గ్రంథము 1858లో అతని మరణానంతరము వెలువడెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. అపరాధ పరిశోధక నవలలలోను చలనచిత్రములలోను దొంగ చేతిరుమాలును ముక్కునొద్ద పెట్టగనే మనుష్యుడు కూలిపోవుట చూచుచుందుము. అది కల్ల. మనుష్యుడు పెనుగులాడక పీల్చినను స్మృతి తప్పుటకు కొన్ని నిమిషములు పట్టును. స్నో తన కాలముననే ఈ భ్రమను ఖండించెను. అంత త్వరగ పడిపోయినచో అది నిద్ర కాదు, మరణమునకు చేరువ.

సింప్సను సాహసమును గూర్చి మరియొక కథ కలదు. 1858లో ఎడింబరోకు రసాయనశాస్త్రాచార్యుడుగ వచ్చిన లయన్ ప్లేఫేరు ప్రయోగశాలకు అతడు ఒకనాడు పోయి, క్రొత్త మత్తుద్రవమేదైన కలదాయని యడిగెను. అప్పుడే తయారైన ఒక ద్రవమును వారు చూపిరి. అది బ్రోమిను కలిసిన ఇథిలీను ద్రవము. సింప్సను అక్కడనే పీల్చుటకు సిద్ధపడగా ప్లేఫేరు అడ్డుపడి, ముందుగ కుందేళ్ళపై చూడవలెనని పట్టుపట్టెను. రెండు కుందేళ్ళను తెచ్చి పీల్పించిరి. అవి మత్తుపడి మరల తేరుకొనినవి. ఇక తన వంతు వచ్చినదని మరునాడు సింప్సను బయలుదేరగా, కుందేళ్ళ స్థితిని ఒకసారి విచారింపుడని సహాయకుడు సలహా చెప్పెను. పోయి చూడగా రెండును చచ్చిపడియుండెను. పీల్చినపుడు లేచి తిరిగినవి మరునాటికి మరణించుటయే ఇందు గమనింపదగిన విషయము. కొన్ని విషములు ఆలస్యముగ పనిచేయును. క్లోరోఫారము కూడ అట్టిదేనని తరువాత తెలిసెను. మత్తు వదలి, మాటలాడి, ఆరోగ్యముగనున్నట్లు తోచిన రోగులలో కొందరు రెండుమూడు దినములకు కామెర్లు కమ్మి మరణించుచుండిరి. ఆ ద్రవము కాలేయమున మారునపుడు పుట్టు పదార్థములు కాలేయమును, మూత్రపిండములను చెరచుటయే దానికి కారణము.

తన మందు విషయమున మరణములను లెక్కింప నిచ్చగింపని సింప్సను, ఆసుపత్రుల విషయమున వానినే లెక్కించెను. ఇది ఆశ్చర్యకరము. 1869లో అతడు అవయవములను కోసివేసిన రోగుల వివరములను దేశమంతటినుండి సేకరించెను. పెద్ద ఆసుపత్రులలో 2,089 మందికి 855 మంది మరణించిరి. పల్లెలలో వారి వారి యిండ్లలో చికిత్స పొందిన 2,098 మందిలో మరణించినవారు 226 మంది మాత్రమే. గొప్ప గోడల నడుమ రోగులను గుంపుగ చేర్చుటయే ప్రాణాంతకమగుచున్నదని అతడు నిర్భయముగ ప్రకటించెను. రోగక్రిముల సంగతి అప్పటికి అందరును అంగీకరించిన విషయము కాదు. అతడు చెప్పిన కారణములు కొన్ని సరికాకపోయినను అతని లెక్కలు మాత్రము ఎవరును కాదనలేనివి.

1866లో రాణి అతనికి బారనెట్ బిరుదము నొసగెను. స్కాట్లండులో వైద్యవృత్తి చేయువారిలో ఆ గౌరవము పొందిన మొదటివాడు అతడే. ఆ సంవత్సరముననే పెద్దకుమారుడు డేవిడును, కుమార్తె జెస్సీయు మరణించుటచే బిరుదపు సంతోషము అతనికి దక్కలేదు. 1870 మే 6వ తేదీన గుండెజబ్బుచే అతడు మరణించెను. అప్పటికి 58 ఏండ్లు. లండనులోని వెస్ట్‌మినిస్టరు దేవాలయమున సమాధి చేయుటకు పెద్దలు అనుమతించినను, కుటుంబమువారు తమ బిడ్డల సమాధులున్న ఎడింబరోలోని వారిస్టను శ్మశానముననే అతనిని ఖననము చేసిరి. ఆనాడు నగరమున పనులు నిలిచిపోయినవి. వేలకొలది జనులు వీధుల కిరుప్రక్కల నిలిచిరి.

అతడు విడిచిపోయిన వివాదము మాత్రము ముగియలేదు. క్లోరోఫారము ముందుగ శ్వాసను ఆపునా, గుండెను ఆపునా యను ప్రశ్న వైద్యులను రెండు పక్షములుగ చీల్చెను. దానిని తేల్చుటకు పూనుకొన్న నగరములలో మన హైదరాబాదు ముఖ్యమైనది. అచ్చటి వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదివినవాడు. శ్వాసను కనిపెట్టి యున్నచో చాలుననియు, నాడిని చూడ నక్కరలేదనియు అతని గురువుల బోధ. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసహాయముతో 1888లో మొదటి పరిశోధన సంఘము ఏర్పడెను. లండను వైద్యపత్రిక ల్యాన్సెట్ దాని ఫలితమును శంకింపగా, నిజాము వేయి పౌనులు ఒసగి, వారి పక్షమున ఒక నిపుణుని పంపుమని కోరెను. లాడర్ బ్రంటను అను వైద్యుడు 1889లో వచ్చెను. కుక్కలు, కోతులు మొదలగు వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిపిరి. గుండెకు ప్రమాదమని నమ్మి వచ్చిన బ్రంటను అభిప్రాయము మార్చుకొని, శ్వాసయే ముందు ఆగునని లండనుకు తంతి నిచ్చెను.

ఆ పాఠశాలలో 1889లో ఉత్తీర్ణురాలైన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారము నిచ్చుటయందు నేర్పు సంపాదించెను. ప్రపంచమున మొదటి మహిళా మత్తువైద్యురాలు ఆమెయే యని పలువురు పేర్కొందురు. ఆమె 1909లో సింప్సను నగరమగు ఎడింబరోకు పోయి చదివి వచ్చెను.

హైదరాబాదు నిర్ణయము పూర్తి సత్యము కాదని 1911లో తేలెను. గుడ్‌మన్ లెవీ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులపై ప్రయోగించి, క్లోరోఫారము కొలదిగ ఎక్కిన స్థితిలో రక్తమున అడ్రినలిను పెరిగినచో గుండె కొట్టుకొను క్రమము తప్పి, అదరి, హఠాత్తుగ ఆగునని చూపెను. భయపడినపుడు, నొప్పి కలిగినపుడు మన శరీరమే అడ్రినలినును విడుదల చేయును. ఏడ్చుచు బల్లపై కూర్చున్న హన్నా గ్రీనరునకు జరిగినది ఇదియే కావచ్చునని నేడు పలువురు వైద్యుల యూహ. ఆమె మరణమునకును ఈ సమాధానమునకును నడుమ 63 సంవత్సరములు గడచినవి.

క్రమముగ మేలైన మందులు వచ్చినవి. ఇరువదవ శతాబ్దము నడిమికి క్లోరోఫారము శస్త్రచికిత్సాశాలలనుండి తొలగిపోయెను. కాని ప్రయోగశాలలను, కర్మాగారములను విడువలేదు. కొవ్వులను, మందులను, జీవకణములలోని పదార్థములను వేరుచేయుటకు దానిని నేటికిని వాడుదురు. అది ముదురు గోధుమరంగు సీసాలలో నుండును. వెలుతురును గాలియు తగిలినచో మెల్లమెల్లగ ఫాస్జీను అను విషవాయువుగ మారును. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులను చంపిన వాయువు అది. ఆ మార్పును అరికట్టుటకు సీసాలో కొంచెము ఆల్కహాలు కలుపుదురు. మంటల దగ్గర కూడ ఆవిరినుండి ఫాస్జీను పుట్టును. పూర్వము గ్యాసుదీపముల వెలుగున శస్త్రచికిత్సలు చేయునపుడు వైద్యులకు దగ్గు తెరలు వచ్చుటకు అదియే హేతువు. క్షారము సమక్షమున అసిటోనుతో కలిసినచో తీవ్రముగ వేడెక్కి పగులును. కావున వ్యర్థద్రవములను ఒకే పాత్రలో పోయరాదు, తొట్టిలో పారబోయరాదు. అది మానవులలో కేన్సరు కలిగింపవచ్చునని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ పేర్కొన్నది. చేతులకు తొడుగుకొను పలుచని రబ్బరు తొడుగుల గుండ కూడ అది త్వరలోనే దిగిపోవును. అందుచే ఒలికినచో తొడుగులను వెంటనే మార్చుదురు. ఆవిరిని బయటకు లాగివేయు అలమరలో మాత్రమే మూత తీయుదురు. క్వీన్ వీధి యింట గ్లాసులో పోసి ముక్కునొద్ద పెట్టుకొనిన ఆ ద్రవమును నేడు ఏ ప్రయోగశాలలోను ఎవరును వాసన చూడరు.